అభిమానధనులు

అభిమానం అనే మాటకు మన భాషలో ఒకటి కంటె ఎక్కువ ముఖాలున్నవి. ఒకరి మీద గల ఇష్టం ఒకటి. తన గౌరవానికి భంగం కలిగితే ఓర్వలేని గుణం మరొకటి. భారతంలో దుర్యోధనుణ్ణి అభిమానధనుడని చెప్పటం ఈ అర్థంలోనే. వేదాంతులు ఇంకొక మెట్టు ఎక్కి, తాను కానిదానిని తానే అనుకోవటాన్ని అభిమానమన్నారు. దేహాభిమానం అన్న మాట అట్లా పుట్టిందే. ఫలానా నటునికి అభిమానినని చెప్పుకొనే యువకుడు మొదటి అర్థంలోనే ఆ మాట వాడుతున్నాననుకుంటాడు. ఆ నటుణ్ణి పత్రికలో ఎవరైనా నాలుగు మాటలన్న మరునాడు గాని లోపల పనిచేస్తున్నది వేదాంతుల అర్థమని బయటపడదు.

నటుని సంగతి సరే. సరుకులమ్ముకొనే కంపెనీకి సైతం అభిమానులుండటం మన కాలపు వింత. ఉప్పులో ఇసుక కలుస్తున్నదని పత్రికలో పడితే, ఆ ఉప్పు వాడే గృహిణి పత్రిక మీదికి యుద్ధానికి పోదు. వ్రాసినవాడు చల్లగా ఉండాలని కోరుకుంటుంది. కంప్యూటర్లు, ఫోనులు చేసే కంపెనీల విషయంలో ఈ సహజన్యాయం తలక్రిందులైంది. కంపెనీ ధర పెంచినా, ఉన్న సదుపాయం తీసివేసినా, ఇచ్చిన మాట తప్పినా, దానిని తప్పుపట్టిన విలేఖరి మీదికి మొదట లేచేది కంపెనీ కాదు. డబ్బిచ్చి ఆ సరుకు కొన్నవాడు. ఉన్నత పాఠశాలల్లో పిల్లల మధ్య కూడా ఈ వాదాలు నడుస్తున్నవని ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. ఈ వింత ఎట్లా పుట్టిందో తెలుసుకొనటానికి అమెరికాలోని ఆపిల్ కంపెనీ చరిత్ర కంటె మంచి పాఠం మరొకటి లేదు.

1976 ఏప్రిల్ 1న కాలిఫోర్నియాలో పుట్టిన ఆ కంపెనీ 1984 జనవరిలో మాకింటాష్ అనే కంప్యూటరును వెలువరించింది. అప్పటికి సామాన్యులు కొనే కంప్యూటర్లతో పని అంటే ఆజ్ఞలను కంఠస్థం చేసి, అక్షరం పొల్లుపోకుండా టైపు చేయటం. మాకింటాష్ తెర మీద బొమ్మలు చూపింది. మౌసుతో వాటిని నొక్కితే పని జరిగింది. చిత్రకారులు, అచ్చు పనివారు, బడిపంతుళ్లు దానిని ప్రేమించారు. కాని బజారులో అత్యధిక భాగం మైక్రోసాఫ్టు వారి పద్ధతికే పోయింది. మాకింటాష్ వాడేవారు ఆఫీసులో పదిమంది నడుమ ఒక్కరుగా మిగిలి, తమ ఎంపికను ప్రతిదినం సమర్థించుకోవలసి వచ్చింది. సమర్థించిన కొద్దీ ప్రేమ ముదురుతుంది. దీనికి తోడు వారికొక న్యాయమైన భయమున్నది. ఉప్పు కంపెనీ మూతపడితే మరొక ఉప్పు కొనుక్కోవచ్చు. కంప్యూటరు కంపెనీ మూతపడితే, కొన్న యంత్రం, నేర్చిన విద్య, దాచుకొన్న పని అన్నీ దిక్కులేనివవుతవి. కనుక తొలినాటి అభిమానులను పిచ్చివాళ్లని కొట్టివేయటం తగదు.

1996, 1997 సంవత్సరాలు వారికి పరీక్షాకాలం. 1996 ఆర్థిక సంవత్సరంలో ఆపిల్‌కు 81 కోట్ల 60 లక్షల డాలర్ల నష్టం వచ్చింది. మరుసటి ఏడు నష్టం 100 కోట్ల డాలర్లు దాటింది. 1996 ఫిబ్రవరిలో ‘బిజినెస్‌వీక్’ పత్రిక ఒక అమెరికన్ చిహ్నం పతనమైందంటూ ముఖపత్రం మీదనే ప్రకటించింది. 1997 జూన్‌లో ‘వైర్డ్’ పత్రిక ఆపిల్ గుర్తుకు ముళ్లకిరీటం చుట్టి, క్రింద ‘ప్రార్థించండి’ అన్న ఒక్క మాట అచ్చువేసింది. లోపల ఆ కంపెనీని బ్రతికించే నూటొక్క ఉపాయాలు. ఆ యేడు అక్టోబరులో మైకేల్ డెల్‌ను, ఆ కంపెనీ మీ చేతిలో ఉంటే ఏమి చేస్తారని ఒక సభలో అడిగారు. మూసివేసి సొమ్ము వాటాదారులకు తిరిగి ఇచ్చివేస్తానన్నాడు. ఆయన స్వయంగా పోటీ కంప్యూటర్ల వర్తకుడు!

అభిమానులు ఊరకుండలేదు. గై కవాసాకి అనే ఆపిల్ ఉద్యోగికి ‘ఇవాంజలిస్టు’ అని హోదా. క్రైస్తవంలో సువార్త చాటేవానికి గల పేరది. కంపెనీ దానిని అరువు తెచ్చుకొన్నది. మాకింటాష్‌ను గురించిన శుభవార్తలను ఆయన వేలమందికి ఎలక్ట్రానిక్ ఉత్తరాల ద్వారా పంపేవాడు. కంపెనీ పని అయిపోయిందని వ్రాసిన విలేఖరులకు కుప్పలుగా ఉత్తరాలు చేరేవి. కొన్నింటిలో లెక్కలుండేవి, సవరణలుండేవి. కొన్నింటిలో కేవలం తిట్లు.

ఆ ఆగస్టు 6న బోస్టన్ నగరంలో జరిగిన సభను ప్రత్యేకించి తలచుకోవాలి. స్టీవ్ జాబ్స్ పన్నెండేళ్ల దూరం తరువాత కంపెనీకి తిరిగివచ్చిన కొత్త. మాకింటాష్ భక్తులతో సభాస్థలం నిండి ఉన్నది. మైక్రోసాఫ్టు తమ కంపెనీలో 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడుతున్నదనీ, అయిదేళ్లపాటు తన ఆఫీసు ప్రోగ్రాములను మాకింటాష్‌కు తయారుచేస్తుందనీ జాబ్స్ ప్రకటించాడు. వెనుక పెద్ద తెర మీద బిల్ గేట్స్ ముఖం ప్రత్యక్షమైంది. సభ గేలి చేసింది. తమ కంపెనీకి ప్రాణం పోస్తున్న ఒడంబడికను తమ కంపెనీ వేదిక మీదనే అభిమానులు గేలి చేశారు! ఆపిల్ గెలవాలంటే మైక్రోసాఫ్టు ఓడాలన్న ఆలోచన విడిచిపెట్టండని జాబ్స్ వారికి నచ్చచెప్పవలసి వచ్చింది.

ఆపిల్ చావలేదు. 1998 ఆగస్టులో ఐమాక్ వచ్చింది. అందులో ఫ్లాపీ డిస్కు లేదని పత్రికలు పెదవి విరిచినా బాగా అమ్ముడుపోయింది. 2001 మేలో కంపెనీ సొంత దుకాణాలు తెరిస్తే, అవి ఎందుకు నడవవో వివరిస్తూ ‘బిజినెస్‌వీక్’ ఒక వ్యాసమే వేసింది. దుకాణాలు నడిచినవి, ఈనాడు లోకమంతటా ఉన్నవి. కనుక అభిమానులకు ఒక స్థిరమైన నమ్మకం ఏర్పడింది: పత్రికలవారికి ఏమీ తెలియదు, వేచి చూస్తే వారే సిగ్గుపడతారు. నాటి నుంచి ప్రతి విమర్శకూ అదే జవాబు. 1997లో మీరేమన్నారో గుర్తున్నదా?

ఈ జవాబులో ఒక పొరపాటు దాగి ఉన్నది. పత్రికలు చేసే పనులు రెండు. వాటిని విడదీయక కలగలుపుతున్నారు. రేపు ఏమవుతుందో చెప్పటం జోస్యం. ఈ దినం ఏమి జరిగిందో చెప్పటం సాక్ష్యం. కంపెనీ మూతపడుతుంది, దుకాణం నడవదు అన్నవి జోస్యాలు. జోస్యం తప్పటం వింత కాదు; విలేఖరులు జ్యోతిష్కుల కంటె మెరుగని ఎవరూ నిరూపించలేదు. కాని ఈ యంత్రం నా చేతిలో ఇట్లా చెడిపోయింది అన్నది సాక్ష్యం. దానిని జోస్యంతో కొట్టివేయలేరు. అబద్ధమైతే పరీక్షించి అబద్ధమని చూపాలి. వెనుక ఎవరో చెప్పిన జోస్యం తప్పింది గనుక నేడు చెప్పే సాక్ష్యమూ తప్పే అనటం, నిరుడు వాన జోస్యం తప్పిందని ఈ యేడు తడిసిన బట్టలను పొడిగా ఉన్నవనటమే.

2010 జూన్‌లో వచ్చిన ఐఫోన్ 4 సంగతి చూడండి. ఎడమ చేతితో ఒక చోట అదిమి పట్టుకొంటే సంకేతం సన్నగిల్లుతున్నదని కొన్నవారే చెప్పారు. అట్లా పట్టుకోకండన్నట్లుగా కంపెనీ నుంచి జవాబు వచ్చింది. జూలై 12న ‘కన్స్యూమర్ రిపోర్ట్స్’ పత్రిక తన ప్రయోగశాలలో పరీక్షించి, ఆ ఫోనును కొనుమని సిఫారసు చేయలేమని ప్రకటించింది. ఈ పత్రిక సంగతి మన పాఠకులు తెలుసుకోదగినది. 1936లో స్థాపితమైన వినియోగదారుల సంఘం దానిని నడుపుతుంది. ప్రకటనలు వేసుకోదు. పరీక్షించే ప్రతి వస్తువునూ అంగడిలో సొంత సొమ్ముతో కొంటుంది. అట్టి పత్రికను సైతం పోటీదారులకు అమ్ముడుపోయినదిగా చెప్పటానికి అభిమానులలో కొందరు వెనుదీయలేదు. నాలుగు దినాలు గడిచినవో లేదో, జాబ్స్ విలేఖరులను పిలిపించి, కొన్నవారికందరికీ ఉచితంగా తొడుగులిస్తానన్నాడు. తొడుగు వేస్తే బాధ తగ్గుతుందని ఆ పత్రికే చెప్పి ఉన్నది. ఎవరి వ్రాత వలన ఎవరికి మేలు జరిగింది? తిట్టినవారికి కూడా తొడుగు ఉచితంగానే ముట్టింది.

కీబోర్డు కథ ఇంకా రసవంతమైనది. 2015లో ఆపిల్ తన కంప్యూటరును మరింత పలుచన చేయాలని మీటల క్రింది నిర్మాణాన్ని మార్చింది. అంతకు ముందు కత్తెర ఆకారంలో ఉండిన అమరికను తీసివేసి, సీతాకోకచిలుక రెక్కల వంటి అమరిక పెట్టింది. చూడటానికి ముచ్చటగా ఉన్నది. కాని దుమ్ము కణం ఒక్కటి దూరితే మీట పలకకపోవటమో, ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడటమో జరిగేది. ఒక్క మీటను మార్చటానికి వీలు లేదు. పై భాగమంతా మార్చాలి. హామీ గడువు దాటితే ఖర్చు వందల డాలర్లు. 2017 అక్టోబరులో కేసీ జాన్‌స్టన్ అనే రచయిత్రి ఈ సంగతిని ‘ది అవుట్‌లైన్’ అనే పత్రికలో బయటపెట్టింది. మా మీటలు బాగానే ఉన్నవి, కంప్యూటరు ముందు కూర్చొని తిండి తినకండి అన్న ధోరణిలో సమాధానాలు వచ్చినవి. తన ఇంటి కప్పు కురవటం లేదు గనుక ఊరిలో వాన లేదనటం తర్కశాస్త్రంలో ఏ ప్రమాణం క్రిందికి వస్తుందో నాకు తెలియదు.

2018 జూన్‌లో కంపెనీ ఉచిత మరమ్మతు పథకాన్ని ప్రకటించింది. కొన్న నాటి నుంచి నాలుగేళ్ల వరకు అది వర్తించేది. మీటల అమరికలో మార్పులు చేసింది. బాధ తీరలేదు. 2019 మార్చిలో ‘వాల్ స్ట్రీట్ జర్నల్’ శీర్షికాకర్త్రి జోఆనా స్టెర్న్ చేసిన పని సాహిత్యం చదివేవారు మెచ్చదగినది. తన కంప్యూటరులో పలకని ఇంగ్లీషు అక్షరాలను విడిచిపెట్టి వ్యాసమంతా వ్రాసింది. ఇ లేదు, ఆర్ లేదు. తెలుగులో క, ర లేకుండా ఒక వ్యాసం అచ్చయినట్లు ఊహించుకోండి. చదువరి ప్రతి మాట దగ్గరా తట్టుకొని పడతాడు. ఆ తట్టుకొనటమే వ్యాస విషయం. నిర్యోష్ఠ్య రచనలు చేసిన మన పూర్వకవులు పెదవి కదలని పద్యాలతో పాండిత్యం చూపారు. ఈమె అక్షరాలు విడిచి నష్టం చూపింది. కొద్దిమందికే ఈ ఇబ్బంది ఉన్నదంటూనే కంపెనీ క్షమాపణ చెప్పింది. ఆ యేడు నవంబరులో వచ్చిన కంప్యూటరులో కత్తెర అమరిక తిరిగి ప్రత్యక్షమైంది. 2022లో అమెరికా న్యాయస్థానంలో నడుస్తున్న వ్యాజ్యాన్ని 5 కోట్ల డాలర్లకు కంపెనీ రాజీ చేసుకొన్నది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు.

ఈ కథలో ఇంకొక తేదీ ఉన్నది. 2018 ఆగస్టు 2న ఆ కంపెనీ వాటాల మొత్తం విలువ లక్ష కోట్ల డాలర్లను తాకింది. మీటలు పలకని రోజులవి. విమర్శకులు ఇంత అరుస్తున్నా కంపెనీ ఎంత సంపాదించిందో చూడండి అని అభిమానులు గర్వపడ్డారు. మీట పలకటానికీ వాటా ధరకూ ఏమిటి సంబంధం? వాటాలు కొన్నవాడు ఆ లెక్క చూపి సంతోషించవచ్చు. యంత్రం కొన్నవానికి ఆ లాభం రావటం లేదు సరికదా, అందులో కొంత తన జేబులో నుంచి పోయినదే. పాఠం సరిగా చెప్పలేదని ఫిర్యాదు చేసిన తండ్రికి, ఈ యేడు మా పాఠశాలకు ఎంత ఫీజు వసూలైందో చూడండి అని జవాబిచ్చే యాజమాన్యాన్ని మనం ఏమంటాం?

పత్రికలవారంతా సత్యసంధులని నా వాదం కాదు. ఆ కంపెనీ పేరు శీర్షికలో పెడితే చదివేవారెక్కువ. అందుచేత చీమను ఏనుగు చేసిన వ్రాతలు ఎన్నో వచ్చినవి. ఏ కొత్త ఫోను వచ్చినా ఇక కంపెనీకి కొత్త ఆలోచనలు లేవని వ్రాయటం ఒక వార్షికోత్సవమైంది. వీటిని చూసి విసిగినవారు ఎదురు వ్రాస్తే తప్పేమిటి? లెక్క తప్పితే లెక్క చూపమనటం చదువరి హక్కు. కాని అట్టి ఉత్తరానికీ, నీకు ఎంత ముట్టింది అని అడిగే ఉత్తరానికీ తేడా ఉన్నది.

వాల్ట్ మాస్‌బర్గ్ అనే ప్రసిద్ధ సమీక్షకుడు ఈ రెండవ జాతి ఉత్తరాలు చదివి చదివి, వాటిలోని ఆరోపణకు ఒక పేరు పెట్టాడు: చాలినంతగా పొగడలేదన్న నేరం. ఆయన ఆపిల్ సరుకులను మెచ్చుకొని వ్రాసినవాడే. పదింట తొమ్మిది పొగడి ఒకటి తప్పుపడితే, అభిమాని కంటికి ఆ ఒకటే కనబడేది. దీనికి శాస్త్రజ్ఞుల పరిశీలన కూడా తోడున్నది. 1985లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలోన్, రాస్, లెప్పర్ ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. 1982లో బేరూట్‌లో జరిగిన మారణకాండను గురించిన టెలివిజన్ వార్తలను విద్యార్థులకు చూపారు. కొందరు ఇజ్రాయేల్ పక్షం, కొందరు అరబ్బుల పక్షం. చూసిన వార్తలు ఒక్కటే. అవి తమకు వ్యతిరేకంగా ఉన్నవని రెండు పక్షాలవారూ నమ్మారు! అంతటి ఘోరమైన విషయంలో మనస్సు ఇట్లా పనిచేస్తే ఆశ్చర్యం లేదు. ఫోను విషయంలోనూ ఇట్లాగే పనిచేస్తున్నదే, అది గదా ఆలోచించవలసింది.

అభిమానులకు కంపెనీ నిర్ణయాలలోని తప్పు ఎన్నడూ కనబడదా అంటే, కనబడుతుంది; తమ జేబుకు తగిలినప్పుడు. 2007 జూన్ 29న మొదటి ఐఫోను అమ్మకానికి వచ్చింది. పెద్ద రకం ధర 599 డాలర్లు. అభిమానులు బారులు తీరి కొన్నారు. సెప్టెంబరు 5న కంపెనీ దాని ధరను 399 చేసింది. రెండు నెలలు ఓపిక పట్టినవానికి 200 డాలర్లు మిగిలినవి. ప్రేమతో పరుగెత్తినవానికి పోయినవి. ఆ ఒక్క దినం, వారికి నేర్పవలసిన అవసరం లేకుండానే, అభిమానులంతా విమర్శకులైనారు. మరునాడే జాబ్స్ బహిరంగ లేఖ వ్రాసి, ముందు కొన్నవారికి దుకాణంలో చెల్లే 100 డాలర్ల పరపతి ఇస్తానన్నాడు. వారి గొంతు బలం అంతటిది. ఆ గొంతును మిగిలిన రోజులలో ఎవరి కొరకు వినియోగిస్తున్నారో చూస్తే జాలి కలుగుతుంది. ప్రచార శాఖ, న్యాయవాదుల దళం జీతమిచ్చి పెట్టుకొన్న కంపెనీకి వీరు జీతం లేని వకీళ్లు.

ఉపాధ్యాయులు దీనిని పిల్లల ఆటగా తీసివేయరాదని నా మనవి. పదిహేనేళ్ల విద్యార్థి తన ఫోనును గురించిన సమీక్ష చదివి, ఇందులో చెప్పింది నిజమా అని అడగక, వీడు మనవాడా పరాయివాడా అని అడగటం అలవరచుకొంటే, ఆ అలవాటు ఫోనుతో ఆగదు. కావ్యవిమర్శ చదివేటప్పుడు, చరిత్ర చదివేటప్పుడు, ఓటు వేసేటప్పుడు అదే ప్రశ్న ముందు నోటికి వస్తుంది. మన సాహిత్యంలో మాత్రం ఈ జబ్బు లేదా? కవి మీద విమర్శ వస్తే, పద్యం తీసి చూడకుండా విమర్శకుని కులగోత్రాలు తీసినవారిని ఎంతమందిని చూడలేదు! తరగతిలో ఒకే వస్తువును గురించిన రెండు సమీక్షలిచ్చి, ఏ వాక్యం జోస్యమో ఏ వాక్యం సాక్ష్యమో గీతలు గీయించండి. వ్యాకరణం గంట కంటె పిల్లలు ఎక్కువ ఉత్సాహంతో చేస్తారు.

ప్రేమించేవాడు విమర్శించలేడన్నది కూడా నిజం కాదు. తెలుగువారికి సమీపంగా ఒక ఉదాహరణ ఉన్నది. 2012లో ఆపిల్ తన సొంత పటాలను విడుదల చేస్తే, ఊళ్లు ఒక చోట ఉండవలసి మరొక చోట కనబడినవి. టిమ్ కుక్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, మా పటాలు బాగుపడేవరకు ఇతరుల పటాలు వాడుకోండని పోటీవారి పేర్లు కూడా సూచించాడు. 2016లో ఆ పటాల అభివృద్ధి కొరకే హైదరాబాదులో కార్యాలయం తెరవటానికి ఆయనే వచ్చాడు. తప్పు ఒప్పుకొనటానికి యజమానికే లేని అభ్యంతరం అభిమానికి ఎందుకుండాలి?

జాన్ గ్రూబర్ అనే రచయిత రెండు దశాబ్దాలకు పైగా ఆపిల్‌ను గురించి అభిమానంతో వ్రాస్తున్నవాడు. ఇతరులు ఆయనను కంపెనీ భజనపరుడని ఎగతాళి చేసేవారు. రెక్కల మీటలను ఆ కంపెనీ చరిత్రలోనే అధమమైన సరుకులుగా తేల్చినవాడు ఆయనే. 2024 జూన్‌లో కంపెనీ తన సిరి అనే మాటలాడే సహాయకురాలికి కొత్త తెలివి వస్తుందని ప్రదర్శించి, ప్రకటనలు కూడా వేసి, 2025 మార్చిలో అది ఆలస్యమవుతుందని చల్లగా చెప్పింది. ఆ నెలలోనే గ్రూబర్, హామ్లెట్ నాటకంలోని ఒక వాక్యాన్ని మలచి శీర్షికగా పెట్టి, కంపెనీలో ఏదో కుళ్లుతున్నదని దీర్ఘవ్యాసం వ్రాశాడు. నడుస్తున్నట్లు ఎవరికీ చూపని దానిని అమ్మకానికి పెట్టారని ఆయన అభియోగం. అది నమ్మి పొగడినందుకు తనను తానూ నిందించుకొన్నాడు. ఏటా జూన్‌లో జరిగే కంపెనీ సమావేశాల వేళ ఆయన సభ పెట్టి, ఆపిల్ పెద్దలను వేదిక మీద ప్రశ్నించటం ఆనవాయితీ. 2025లో కూడా ఆహ్వానం పంపాడు. 2015 తరువాత మొదటిసారిగా వారు రామన్నారు. వ్యాసానికీ దీనికీ సంబంధమున్నదని రుజువు చేయలేము. గ్రూబర్ సభ మానుకోలేదు. సాన్ హోసేలోని నాటకశాలలో జనం నిండారు. ఆపిల్ పెద్దలు కూర్చొనే కుర్చీలలో ఆ సాయంకాలం ఇద్దరు విలేఖరులు కూర్చొన్నారు. ఒకరు నీలయ్ పటేల్. రెండవవారు, ఇ, ఆర్ లేకుండా వ్యాసం వ్రాసిన జోఆనా స్టెర్న్.